గొంతుకు గొంతు

నేను ఒక హార్డ్ డిస్క్‌ని. అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టెని. నా లోపల అద్దాల్లాంటి పళ్ళేలు గిర్రున తిరుగుతుంటాయి. వాటికి తగలకుండా ఒక సన్నటి చేయి అటూ ఇటూ కదులుతూ, చెప్పింది రాసుకుంటుంది, అడిగింది చదివి ఇస్తుంది. పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు దుమ్ము పడని గదిలో నన్ను బిగించారు. వాళ్ళ మాట నాకు ఒక్క ముక్క తెలియదు. నాకు వచ్చిన భాష తెలుగే. ఎందుకంటే నాలో మొదట పడినవి తెనాలి పెళ్ళిళ్ళు.

నా మొదటి యజమాని పెళ్ళి వీడియోలు తీసే కోటిలింగం. ఆయన నాలో నింపిన జంటలకు లెక్క లేదు. వీడియో చేతికి అందేదాకా ఆ పెళ్ళివాళ్ళు రోజూ ఫోన్లు చేసేవారు. అది ఇచ్చేశాక మళ్ళీ ఎవరూ అడిగేవారు కాదు. ఆయన ఒక జంటను చెరిపేసి ఇంకో జంటను నింపేవాడు. మనుషులకు జన్మంతా గుర్తుండాలనుకున్న రోజు మీద నేను ఎన్నోసార్లు ఇంకొకరి బారసాల రాసుకున్నాను. తర్వాత ఆయనకు నాకంటే పెద్దది దొరికింది. నన్ను రేపల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయికి అమ్మేశాడు.

ఆ అమ్మాయి పేరు సువార్త. రేపల్లెలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు చెబుతుంది. నన్ను కొన్నది ఒకే ఒక్క పనికి. వాళ్ళ అమ్మ కరుణమ్మ పాడిన పాటల క్యాసెట్ ఒకటి గుంటూరులో పిన్ని దగ్గర మిగిలింది. టేపుకు బూజు పడుతోందని తెలిసి, అది పూర్తిగా పాడయ్యేలోగా నాలోకి ఎక్కించింది. నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాటలవి. మధ్యమధ్యలో కరుణమ్మ దగ్గుతుంది, నవ్వుతుంది, "అది ఆపవే ముందు, ఇంకా తిరుగుతానే ఉందా?" అని చెల్లెల్ని కసురుతుంది. కరుణమ్మ పోయాక ఆ ఇంట్లో ఎవరూ దాన్ని వినలేదు. వినే ధైర్యం లేక దాచుకున్నారు. నాలో ఒక మూల ఆమె అలాగే ఉండిపోయింది.

సువార్త తండ్రి దేవసహాయం బుర్రకథ చెప్పేవాడు. భుజాన తంబుర, బొటనవేలికి అందెలు, పక్కన ఇద్దరు వంతలు. కృష్ణ కాలవల కింద ఏ ఊళ్ళో మీటింగు పెట్టినా ఆయన దళం ఉండాల్సిందేనట. ఆయన సొంతంగా కట్టిన 'ఉప్పుకొఠారు కథ' వినడానికి జనం ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చేవారట. ఇవన్నీ నేను విన్నవే. నేను ఆ ఇంటికి వెళ్ళేటప్పటికి ఆయన మెడ మీద ఒక రంధ్రం ఉంది. క్యాన్సరు పట్టిన స్వరపేటికను గుంటూరులో డాక్టర్లు కోసి తీసేశారు. ప్రాణం నిలిచింది. గొంతు పోయింది.

ఆయన చేతిలో ఒక పలక ఉండేది. కావలసింది దాని మీద రాసేవాడు. మొదట్లో 'నీళ్ళు', 'ఫ్యాను', 'తలుపు' అని రాసేవాడు. తర్వాత అవి కూడా మానేశాడు. గాలి మింగి, ఆ గాలిని పైకి తెచ్చి మాటలు పలకడం నేర్పే ఆవిడ ఆసుపత్రిలో ఉంది. 'క', 'ప', 'ట' లాంటి గట్టి అక్షరాలతో మొదలుపెట్టమని ఆమె చెప్పింది. ఆయన ఒక్కసారి ప్రయత్నించాడు. తేన్పులా ఏదో వచ్చింది. అంతే, మళ్ళీ నోరు తెరవలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. జావ పెడితే రెండు గుటకలు మింగి గిన్నె నెట్టేసేవాడు.

"నాన్నా, ఇట్టయితే ఎట్టా? ముక్కులోంచి గొట్టం వేస్తామన్నాడు డాక్టరు. అదా నీకు కావాల్సింది?" అని సువార్త ఒకరోజు గట్టిగా అడిగింది.

ఆయన పలక అందుకున్నాడు. 'నేను నిజంగా పాడేవాణ్ణా?' అని రాశాడు.

ఆ మాట చదివి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చి నా ముందు, అంటే కంప్యూటరు ముందు, కూర్చుంది. ఇంట్లో ఉన్న ఆయన కథల క్యాసెట్లు తుఫాను ఏడాది ఉప్పునీళ్ళలో పోయాయి. వంతలిద్దరూ చనిపోయారు. రేడియోలో అడిగితే లేవన్నారు. ఇక మిగిలింది ఇంటర్నెట్టు.

అక్కడ దొరికింది. అదే వింత. ఎవరో పాత టేపులు సేకరించే మనిషి, ఏదో కళాకారుల జాతరలో రికార్డు చేసిన కథలన్నీ ఒకే మూటగా కట్టి పెట్టాడు. ఆ మూటలోని పేర్లలో 'దేవసహాయం దళం, ఉప్పుకొఠారు కథ' అని ఉంది. టొరెంట్ అంటారు ఆ పద్ధతిని. ఫైలు ఒకచోట ఉండదు. ముక్కలు ముక్కలుగా ఎందరి దగ్గరో ఉంటుంది. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు ఇస్తారు, తీసుకున్నవాళ్ళు మళ్ళీ ఇంకొకరికి ఇస్తారు. చెప్పుకోవడానికి ఎంత బాగుంటుందో!

సువార్తకు దొరికింది అందరికీ తలుపులు తెరిచిన బహిరంగ సైటు. పేరు అడిగేవారు లేరు, నియమం లేదు. ముక్కలు వడివడిగా నాలోకి వచ్చి పడ్డాయి. ఆమె తండ్రి మంచం పక్కన నిలబడి, "వస్తా ఉంది నాన్నా, నీ కథే" అంది. ఆయన మొదటిసారి గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

దాదాపు అంతా వచ్చాక ఆగిపోయింది.

చివరి ముక్కలు ఎవరి దగ్గరా లేవు. మూట పూర్తిగా రాకపోతే ముడి విడదు, లోపలి ఒక్క పాట కూడా వినబడదు. అక్కడికి వచ్చిన వాళ్ళందరూ తమకు కావలసింది తీసుకుని వెళ్ళిపోయారు. ఇవ్వడానికి ఒక్కరూ నిలబడలేదు. సువార్తలాగే చివరి ముక్కల కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు మాత్రం కొందరున్నారు. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గరా లేదు. రోజులు గడిచాయి. నేను తిరుగుతూనే ఉన్నాను, ఏమీ రాలేదు. దేవసహాయం మళ్ళీ గోడవైపు తిరిగాడు.

ఆ సైటులోనే ఒకాయన కింద రాశాడు: పూర్తి మూట 'పాతగొంతుక' అనే బృందంలో ఉంది, కానీ అది మూసిన తలుపు, లోపలివాళ్ళు ఎవరైనా పిలిస్తేనే వెళ్ళగలరు. సువార్త ఆయన్నే పట్టుకుంది. ఆయన బొబ్బిలిలో మైకుసెట్ల దుకాణం నడిపే గేదెల అప్పలనాయుడు. ఫోను చేసి మాట్లాడాడు.

"ఏటమ్మా, మీ నాయిన కథా అది? నాను సిన్నప్పుడు ఇనీసినాను. పిలుపు పంపుతాను గానీ, ఒక మాట. అక్కడ రేసియో అని ఒకటుంది. ఎంత తీసుకుంతావో అంత ఇవ్వాల. కొత్తోళ్ళకి కొంచెం ఎసులుబాటు ఇత్తారు. తగ్గిపోయావంటే నీ ఖాతా మూసెత్తారు. నిన్ను పిలిసినోడిని గనక నా మీదా మచ్చే."

"నేను జాగ్రత్తగా ఉంటానండీ" అంది సువార్త.

పాపం, ఆమెకు ఆ లెక్క అప్పటికి తెలియదు. రేషియో అంటే తీసుకున్నదానికీ ఇచ్చినదానికీ మధ్య నిష్పత్తి. ఆ మూట పెద్దది. కొత్త సభ్యురాలికి ఇచ్చిన వెసులుబాటులో పట్టదు. అది తీసుకోవాలంటే ముందు ఏదైనా ఇవ్వాలి. ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదు. అందుకని అందరిలాగే ఆమె కూడా ఎక్కువమంది అడిగే చిన్న ఫైలు ఒకటి తీసుకుని, దాన్ని తిరిగి పంచుదామని కూర్చుంది. కానీ అదే ఫైలు హైదరాబాదులో, బెంగుళూరులో వేగమైన లైన్లున్న వాళ్ళ దగ్గర కూడా ఉంది. అడగడానికి వచ్చినవాడికి వాళ్ళే ముందు ఇచ్చేసేవారు. రేపల్లెలో కేబులు వాడి లైను మీద నేను ఇస్తానని చేయి చాపేలోపు బేరం అయిపోయేది. ఇచ్చే మనసు ఉండి కూడా తీసుకునే దిక్కులేక కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఇంకో ఫైలు తీసుకుంది, ఇది కాకపోతే అదైనా పోతుందని. తీసుకున్నది పెరిగింది, ఇచ్చింది పెరగలేదు. రేషియో ఇంకా కిందికి జారింది. పైగా కరెంటు కోతలు. నేను టక్కున ఆగిపోయినప్పుడల్లా సువార్త "అయ్యో దేవా" అనేది. నన్ను అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని బడికి మోసుకెళ్ళింది, అక్కడి లైను మంచిదని. కొన్నాళ్ళు పిల్లల కంప్యూటరు గదిలో తిరిగాను. రేషియో కాస్త పైకి కదిలింది కూడా. ఇంతలో కరస్పాండెంటు చూశాడు.

"ఏంటమ్మా ఇది? బడి నెట్టు నీ సొంత పనులకా?"

"మా నాన్న కోసమండీ. ఆయన గొంతు..."

"గొంతుకీ నెట్టుకీ ఏం సంబంధం? తీసెయ్, ముందది తీసెయ్."

ఆమె నన్ను పీకి సంచిలో వేసుకుంది. బస్సులో నన్ను ఒళ్ళో పెట్టుకుని, సంచి మూతి గట్టిగా పట్టుకుని ఇంటిదాకా వచ్చింది.

తర్వాత హెచ్చరిక వచ్చింది. గడువులోగా రేషియో సరిచేసుకోకపోతే ఖాతా మూసేస్తామని. ఆ వారమే ఆసుపత్రికి తీసుకెళితే, దేవసహాయాన్ని తూచిన నర్సు సువార్తను పక్కకు పిలిచి మందలించింది. మనిషి ఎండిపోతున్నాడు, ఇలాగే ఉంటే చేర్చుకోవలసి వస్తుందని చెప్పింది. ఇంటికి వచ్చి ఆమె అప్పలనాయుడికి ఫోను చేసి ఏడ్చింది.

"నానేటి సెయ్యగల్నమ్మా... నా దగ్గరున్నది నీకు నేరుగా పంపితే ఇద్దర్నీ ఎల్లగొట్టేత్తారు. పంపాలనే ఉంది. మా వోళ్ళంతా అక్కడే ఉన్నారు, ముప్పయ్యేళ్ళ బట్టి నాను ఎతికిన పాటలన్నీ అక్కడే ఉన్నాయి... నిర్వాహకురాలు వైదేహి గారని. నంబరిత్తాను. అడుగు. మంచి మనిసే."

వైదేహి గారు హైదరాబాదులో ఉంటారు. సువార్త చెప్పినదంతా అడ్డు రాకుండా విన్నారు.

"అమ్మా, నేను మీకు అబద్ధం చెప్పను. ఈ గోడ మేము ఊరికే కట్టలేదు. మొదట మేము కూడా అందరికీ తెరిచే పెట్టాం. వచ్చినవాళ్ళు పట్టుకెళ్ళారు, ఒక్కరూ నిలబెట్టలేదు. ఎన్నో టేపులు, అసలు యజమానులు పోయాక, పూర్తిగా మాయమైపోయాయి. మీరు బయట చూశారుగా, చివరి ముక్కలు లేకుండా పడి ఉన్నదాన్ని."

"చూశానండీ. కానీ అది మా నాన్న గొంతండీ. మా నాన్న గొంతు మా నాన్నకి వినిపించడానికి నేను ఇచ్చింది చాల్లేదంటున్నారు మీరు."



"ఒకరికి నియమం వంచితే అందరికీ వంచాలి. రేపు ఇంకొకరు వస్తారు, వాళ్ళదీ నిజమే అవుతుంది" అన్నారు వైదేహి గారు. ఆ మాట అనడం ఆమెకూ కష్టంగానే ఉంది. "ఒక దారి ఉంది. ఎవరి దగ్గరా లేనిది ఏదైనా మీ దగ్గరుంటే పెట్టండి. మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది కనుక అందరూ మీ దగ్గరికే వస్తారు. రేషియో దానంతట అదే లేస్తుంది. అలాంటిది ఏమైనా ఉందా?"

సువార్త నావైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. నాలో ఆ మూల ఎవరున్నారో ఆమెకూ నాకూ తెలుసు.

తండ్రిని అడగకుండా చేయలేకపోయింది. మంచం మీద కూర్చుని చెప్పింది. "అమ్మ పాటలు పెడితే నీ కథ వస్తుంది నాన్నా."

ఆయన విసురుగా పలక లాక్కుని 'వద్దు' అని రాశాడు. కింద మళ్ళీ, 'అది మన ఇంటిది. దాన్ని బజార్లో పెడతావా?'

"మరి నేనేం చెయ్యాలి?" ఆమె లేచి నిలబడింది. "నువ్వు తినవు. మాట్లాడవు. నేర్చుకోమంటే నేర్చుకోవు. నీ కళ్ళముందే నేను ఇల్లిల్లూ అడుక్కుంటన్నా. అమ్మ ఉంటే ఏమనేది? పాట దాచుకో, మొగుణ్ణి పోనీ అనేదా? చెప్పు నాన్నా. రాయి దాని మీద!"

ఆయన పలక ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత చొక్కా చేతితో 'వద్దు' అన్న మాటను మెల్లగా తుడిచేశాడు. దాని కింది మాటనూ తుడిచేశాడు. తుడిచిన పలకను ఆమె చేతికి ఇచ్చి పడుకున్నాడు.

కరుణమ్మ పాటలను ఆ సాయంత్రమే పెట్టింది. పేరు దగ్గర 'నాట్ల పాటలు, రేపల్లె వైపు' అని మాత్రమే రాసింది. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. కథలకూ నాటకాలకూ అలవాటుపడిన వాళ్ళకు పొలంలో ఆడమనిషి పాట ఎందుకు కావాలి? సువార్త బడి నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే తెర చూసేది. ఏమీ ఉండేది కాదు. గడువు దగ్గరపడింది. ఒకరోజు ఆమె కుర్చీలో కూర్చుని తెరవైపు కాకుండా తన చేతులవైపు చూసుకుంటూ, "అమ్మను కూడా తీసుకెళ్ళి వీధిలో నిలబెట్టాను. ఎవరూ చూడనన్నా చూళ్ళేదు" అంది. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

మొదట వచ్చింది అప్పలనాయుడే. మొహమాటానికి తీసుకున్నాడేమో, నాకు తెలియదు. తీసుకుని తన దుకాణంలో కొత్త మైకుసెట్టు పరీక్షించడానికి పెట్టాడట. ఫోను చేసి చెప్పాడు.

"అమ్మా, సంతకొచ్చిన ఆడోళ్ళంతా మా కొట్టు ముందర ఆగిపోనారు. ఒకావిడ ఏడిసింది. మళ్ళీ ఎయ్యి, మళ్ళీ ఎయ్యి అంతన్నారు. ఏటమ్మా ఈ గొంతు! ఎక్కడ దాసినారిన్నాళ్ళూ?"

ఆయన ఆ సంగతి బృందంలో రాసినట్టున్నాడు. అప్పటినుంచి నాకు ఊపిరి సలపలేదు. ఒకరి వెనక ఒకరు వచ్చారు. హైదరాబాదు నుంచి, అనంతపురం నుంచి, ఏదో గల్ఫు దేశంలో నర్సుపని చేస్తున్న అమ్మాయి దగ్గర్నుంచి. వేగమైన లైన్లున్న ఆ పెద్దవాళ్ళందరూ ఇప్పుడు రేపల్లె లైను ముందు వరసకట్టి నిలబడ్డారు. కరుణమ్మ దగ్గునూ నవ్వునూ కసురునూ నా చేయి మళ్ళీ మళ్ళీ చదివి ఇచ్చింది. ఒంట్లో వేడి పుట్టింది. సువార్త తడిగుడ్డ వేసిన పళ్ళెంలో గిన్నె బోర్లించి, దాని మీద నన్ను కూర్చోబెట్టింది. తండ్రికి ఉన్న ఒక్క ఫ్యానునూ నావైపు తిప్పింది.

పాటల కింద జనం రాసిన మాటలు ఆమె తండ్రికి చదివి వినిపించలేదు. ఎక్కువమంది అడిగింది ఒకటే. ఈమె ఎవరు? ఎక్కడుంటారు? ఇంకా పాడారా? వాటికి జవాబు రాయబోయి ప్రతిసారీ చేయి వెనక్కి తీసుకునేది. అమ్మ పాట ఇవ్వగలిగింది గానీ పేరు ఇవ్వలేకపోయింది.

రేషియో లేచింది. మూట వచ్చింది. ఈసారి చివరి ముక్క దాకా వచ్చింది.

ఆ మధ్యాహ్నం సువార్త తండ్రిని దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. నేను చదవడం మొదలుపెట్టాను. ముందు గరగరమని టేపు చప్పుడు, జనం గోల, ఎక్కడో పిల్లవాడి ఏడుపు. తర్వాత అందెలు మోగాయి. "తందాన తానా" అని వంతలు అందుకున్నారు. అప్పుడు ఆ గొంతు లేచింది. నాలో ఎన్నో గొంతులు పడ్డాయి గానీ అలాంటిది పడలేదు. ఉప్పుకొఠార్లలో కాళ్ళు పుండ్లు పడిన కూలీల సంగతి ఆ గొంతు చెబుతుంటే జనం గోల అణిగిపోయింది.

దేవసహాయం కదలకుండా విన్నాడు. కళ్ళు మూసుకోలేదు. పెదాలు మాత్రం కథ వెంట కదులుతున్నాయి. సువార్త ఆయన ముఖంలోకి చూస్తూ, ఏడుస్తాడేమోనని, పడిపోతాడేమోనని, మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. మధ్యలో ఒకచోట ఆయన మొహం చిట్లించాడు. చేయెత్తి ఆపమన్నాడు. మళ్ళీ వెనక్కి వెయ్యమన్నాడు. విన్నాడు. పలక అందుకున్నాడు.

'రెండో చరణంలో తాళం తప్పాను' అని రాశాడు.

సువార్తకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆయనకు అది నవ్వే సంగతి కాదు. అంతమంది ముందు తాళం తప్పడమేమిటని నిజంగానే బాధపడ్డాడు. ఆ చోటే మళ్ళీ వేయించుకుని మంచం పట్టె మీద వేళ్ళతో కొట్టి సరిచేశాడు. ఇంకోసారి కొట్టాడు. ఆ పూట జావ గిన్నె ఖాళీ అయింది.

సాయంత్రం ఆయనే తెరవైపు చూపించి, అదేమిటని సైగ చేశాడు. కరుణమ్మ పాటల కింద కొత్త మాట ఒకటి వచ్చింది. ఈసారి సువార్త దాచలేదు. "గల్ఫులో ఉన్న అమ్మాయి నాన్నా. ఈమె ఎవరో చెప్పండి, రోజూ డ్యూటీకి పోతా వింటన్నాను అని రాసింది."

ఆయన పలక మీద రాసి ఆమె వైపు తిప్పాడు. 'నా భార్య. నాకంటే తాళం గట్టిది.' రాయమన్నట్టు కంప్యూటరు వైపు గడ్డం ఆడించాడు.

సువార్త టైపు చేసింది. "పేరు కూడా పెట్టనా నాన్నా?"

ఆయన సుద్దముక్క ఎత్తాడు. ఎత్తి, మళ్ళీ కింద పెట్టేశాడు. గుటక వేసి గాలి మింగాడు. మెడ నరాలు బిగిశాయి. ఏమీ రాలేదు. మళ్ళీ మింగాడు. ముఖమంతా ఎర్రబడింది. సువార్త కంగారుగా లేవబోతే చేత్తో వద్దని ఆపాడు. మూడోసారి పొట్టలోంచి ఎక్కడినుంచో, రాయి దొర్లినట్టు, ఒక చప్పుడు పైకి వచ్చింది.

"క" అన్నాడు.

ఆమె చేతులు అక్షరాల మీద అలాగే ఆగిపోయాయి.

ఆ ఇంట్లో అప్పుడు రికార్డు చేసేది ఏదీ లేదు. ఆ చప్పుడు నాలోకి రాలేదు. నాలో ఉన్నవన్నీ అడిగినవాళ్ళకు ఇచ్చాను, ఇంకా ఇస్తూనే ఉన్నాను. ఆ ఒక్క అక్షరం మాత్రం వాళ్ళిద్దరి దగ్గరే ఉంది.